మెట్ట గట్టున తంగేడు

నెల్లూరు జిల్లా పడమటి మెట్టలోని కలిగిరికి వానలు ఎక్కువగా ఈశాన్య రుతుపవనాలవే, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. గట్ల మీద అడవిపూల విత్తనాలు చల్లడానికీ అదే అదను.

తంగేడు గింజకు పెంకు గట్టిది. వేడినీళ్లు పోసి రాత్రంతా నానబెడితే త్వరగా మొలుస్తుంది. ఆ పూలలో తేనె ఉండదు, పుప్పొడే. తుమ్మెదలు ఒళ్లు వణికించి దాన్ని రాల్చుకుంటాయి. ఎంత చక్కటి పనితనమో! పక్కన తుమ్మి ఉంటే తేనెకూ కొదవుండదు.

రైతు సాధికార సంస్థ ప్రకృతి వ్యవసాయంలో నవధాన్యాల విత్తనాలకు మట్టి, బూడిద పట్టించి వానకు ముందే పొడి దుక్కిలో చల్లిస్తోంది. నానబెట్టని గింజలైతే పూలగట్టుకూ ఈ పద్ధతి పనికొస్తుంది.

కలుపుమందు వద్దు. రైతులారా, కాయలు ఎండి గింజ రాలేదాకా గట్టు గీకకండి, నిప్పు పెట్టకండి.