కీలుబొమ్మ కాదు, ఆశ్రితుడు

అంతర్జాతీయ రాజకీయాలు మన కవిత్వంలోకి, నాటకంలోకి వచ్చినప్పుడల్లా ఒకే పోలిక వాడుతున్నాం: చిన్న రాజ్యం పెద్ద రాజ్యం చేతిలో కీలుబొమ్మ అని. ఆ పోలిక వెనుక ఉన్న ఆగ్రహం న్యాయమైనదే. కాని అది వాస్తవంలో సగాన్నే పట్టుకుంటుందని నా అభిప్రాయం. బొమ్మ బేరమాడదు. ఆశ్రిత రాజ్యం బేరమాడుతుంది.

రాజనీతి పరిశోధకులు ఈ బేరాన్నే పరిశీలించారు. 1972లో జేమ్స్ స్కాట్ ఆగ్నేయాసియా సమాజాలను దృష్టిలో పెట్టుకుని ఆశ్రయదాత, ఆశ్రితుల సంబంధాన్ని వివరించాడు. బలవంతుడు రక్షణ ఇస్తాడు, బలహీనుడు విధేయత ఇస్తాడు. ఇద్దరికీ లాభం ఉంటుంది, కాని సమానంగా ఉండదు. 1984లో షూమేకర్, స్పానియర్ అనే ఇద్దరు ఈ భావనను రాజ్యాలకు అన్వయించి పుస్తకం రాశారు. మన ప్రాంతం వారికి ఇది కొత్త సంగతేమీ కాదు. మిర్చి రైతు పెట్టుబడికి కమీషన్ వ్యాపారి దగ్గర అప్పు తెచ్చుకుంటే, సరుకు ఆ కొట్టుకే వెయ్యాలి. అప్పిచ్చే మరో కొట్టు ఉంటేనే అతని మాటకు కొంత విలువ.

రాజ్యాల మధ్య ఇది ఎలా నడుస్తుందో మన తీరంలోనే చూడవచ్చు. వాడరేవు నుంచి సముద్రం వెంట దక్షిణంగా పోతే మోటుపల్లి. 13వ శతాబ్దంలో గణపతిదేవుడు పరదేశి వర్తకులకు అభయశాసనం వేయించిన రేవు అది. 1766 ఒప్పందంతో ఉత్తర సర్కారులు ఈస్టిండియా కంపెనీకి పోగా, గుంటూరు సర్కారు మాత్రం నిజాం అలీ సోదరుడు బసాలత్ జంగ్ చేతిలో మిగిలింది. అతని కొలువులోని ఫ్రెంచి దళానికి సముద్రం మీంచి సహాయం దిగగల దారి మోటుపల్లే. కంపెనీ కన్ను అందుకే దానిమీద పడింది.

1779లో మద్రాసు గవర్నరు రంబోల్డు బసాలత్ జంగ్‌తో ఒప్పందం చేసుకున్నాడు. ఫ్రెంచివారిని పంపెయ్యాలి, గుంటూరును కౌలుకివ్వాలి, బదులుగా కంపెనీ సైన్యం కాపాడుతుంది. కంపెనీ ఆ సర్కారును ఆర్కాటు నవాబుకు మారుకౌలుకిచ్చింది. ఆగ్రహించిన నిజాం అదే ఫ్రెంచి దళాన్ని తన కొలువులో చేర్చుకున్నాడు. హైదరాలీ కంపెనీ పటాలాన్ని తన సీమ గుండా పోనివ్వలేదు. చివరకు 1780లో కలకత్తా ప్రభుత్వమే గుంటూరును తిరిగి ఇప్పించింది. ఇందులో ఎవరిని కీలుబొమ్మ అందాం? ఇద్దరు ఆశ్రయదాతలు పోటీపడినంతకాలం ఆశ్రితుడికి ఊపిరి సలిపింది.

ఆ ఊపిరి ఎలా ఆగిందో తరువాతి చరిత్ర చెబుతుంది. 1788లో గుంటూరు కంపెనీకి దఖలైంది. 1798లో వెల్లస్లీతో సైన్యసహకార ఒప్పందం కుదిరింది. నిజాం ఫ్రెంచి దళాన్ని రద్దుచేసి, కంపెనీ సిపాయిల ఖర్చుకు ఏటా 24 లక్షల పైచిలుకు చెల్లించడానికి ఒప్పుకున్నాడు. ఇక రెండో గడప లేదు. 1800లో ఆ ఖర్చు కింద, మైసూరు యుద్ధాల్లో తన వంతుకు వచ్చిన సీమలనే కంపెనీకి వదులుకున్నాడు. అవే దత్తమండలాలు. కంపెనీని సంప్రదించకుండా ఇతర రాజ్యాలతో మంతనాలాడే హక్కునూ పోగొట్టుకున్నాడు.

స్వతంత్ర భారతానికీ ఈ సమస్య ఎదురైంది. 1965-67 కరువు కాలంలో అమెరికా అధ్యక్షుడు జాన్సన్ పి.ఎల్. 480 గోధుమలను కొద్దికొద్దిగా విడుదల చేస్తూ ఒత్తిడి తెచ్చాడు. అయినా వియత్నాంపై బాంబుదాడులను మన ప్రభుత్వం విమర్శించగలిగింది. సోవియట్ యూనియన్‌తో మైత్రి ఉండటం అందుకు ఒక కారణం.

అయితే ఆశ్రితుడి బేరాన్ని మెచ్చుకుని ఊరుకుంటే రచయిత పని పూర్తికాదు. ఒప్పందం ఇద్దరిది, ఖర్చు మూడోవాడిది. దత్తమండలాల రైతు ఏ ఒడంబడికమీదా వేలిముద్ర వెయ్యలేదు, శిస్తు మాత్రం కట్టాడు. కీలుబొమ్మ పోలికలో ఆడించేవాడూ, ఆడే బొమ్మా ఉంటారు గాని ఈ మూడోవాడు కనిపించడు. రెండు రాజ్యాల స్నేహం గురించి రాయబోయే యువరచయితలు ముందుగా అతన్ని వెతకాలి. రక్షణ అనే మాట వినిపించగానే దాని ఖర్చు ఎవరి పొలంనుంచి వస్తున్నదో విచారించాలి.