దెయ్యాన్ని ఎంత చూపించాలి?

2018 దాకా సౌదీలో సినిమా హాళ్ళపై నిషేధమే కదా! హుఫూఫ్‌లో నాకు లాప్‌టాపే థియేటరు. అందులో చూసి ఉసూరుమన్న సినిమా ‘డోంట్ బీ అఫ్రెయిడ్ ఆఫ్ ది డార్క్’ (2010). గియెర్మో డెల్ టోరో నిర్మాత, సహరచయిత.

పాత బంగళా నేలమాళిగలోంచి శాలీ అనే పాపని గుసగుసగా పిలిచే జీవులు. పాప చెబితే తండ్రి నమ్మడు. అసలు భయం అక్కడుంది. కానీ గ్రాఫిక్స్ జీవులు ఎలుకల్లా తెరంతా పరిగెత్తాక మనకి అనుమానమే మిగలదు, భయమూ మిగలదు.

1973 నాటి మాతృక టీవీ సినిమాలో ఆ జీవులు వేషం కట్టిన నటులే. ‘జాస్’ (1975)లో యాంత్రిక సొరచేప మాటిమాటికీ మొరాయించడంతో స్పీల్‌బర్గ్ దాన్ని తక్కువగా చూపించాడు, భయం రెట్టింపైంది.

గ్రాఫిక్స్ అలా మొరాయించవు. అదే చిక్కు! ఎక్కడ ఆపాలో సాఫ్ట్‌వేర్ చెప్పదు, దర్శకుడికే తెలియాలి.