పరదేశపు కాపురములు

ద్రాక్షారామ భీమేశ్వరాలయమునందలి శిలాశాసనములను పరిశీలించినవారికి ఒక విశేషము తోచును. స్వామికి అఖండదీపము నిలుపుటకై గొఱ్ఱెలను, ఆవులను, ధనమును సమర్పించిన దాతలలో స్త్రీలు పలువురు కలరు. దూరదేశములనుండి వచ్చినవారును కలరు. పరదేశి మన యూరి గుడిలో దీపము పెట్టినచో అది మన దీపమే యగుచున్నది. మఱి మనవారు పరదేశమునకు పోయి అచట దీపము పెట్టుకొనినప్పుడు ఏమి జరిగెను? ఆ కథను సోదరీమణులకు విన్నవింపగోరుచున్నాను.

ద్రాక్షారామమునకు తూర్పుగా, యానామునకు చేరువన కోరంగి యను గ్రామమున్నది. ఒకప్పుడది ఓడలు కట్టుటకు ప్రసిద్ధికెక్కిన రేవు. 1789లో ఒక యుప్పెనయు, 1839లో మఱియొక యుప్పెనయు దానిని పాడుచేసినవి. రేవు పోయినను పేరు మాత్రము సముద్రము దాటి నిలిచినది. గంజాము, విశాఖపట్టణము, గోదావరి మండలములనుండి బర్మాకు పోయిన తెలుగువారిని అచటివారు ‘కోరంగీ’లనియే పిలుచుచుండిరి.

బర్మా 1885 నాటి యుద్ధముతో పూర్తిగా ఆంగ్లేయుల వశమై, 1937 వఱకు ఇండియాలో నొక భాగముగ నుండెను. కావున కాకినాడలోనో భీమునిపట్టణములోనో ఓడ యెక్కినవాడు సముద్రము దాటినను రాజ్యము దాటినట్లు కాదు. మన పల్లెలలో రంగూనును ‘రంగము’ అనిరి. మేస్త్రీలు ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టి కూలీలను కూర్చుకొని పోవుచుండిరి. ఆ ఋణము తీఱువఱకు కూలివాడు మేస్త్రీ చెప్పుచేతలలో నుండవలసినదే. వరికోతలు, బియ్యపు మరలు, రేవులో బస్తాల మోత, వీథుల పారిశుధ్యము - ఈ పనులన్నియు మనవారి చేతులమీదుగ జరిగినవి. 1931 జనాభా లెక్కలనాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు మించియుండిరి. రంగూను నగరమున సగముకంటె నెక్కువమంది మనదేశమువారే.

పోయినవారిలో పురుషులే యధికము. ఇల్లాండ్రు ఇచటనే యుండి అత్తమామలను సాకుచు, పిల్లలను పెంచుచు, మనియార్డరునకై తపాలా బంట్రోతు రాకను కనిపెట్టుకొని యుండిరి. రంగపు సంపాదన చరిత్రలో ఈ స్త్రీల కష్టమును ఎవరును లెక్కవ్రాయలేదు.

1930వ సంవత్సరము మే నెలలో రంగూను రేవునందు తెలుగు కూలీలు కూలి పెంపు కోరి పని మానిరి. వారికి బదులుగా బర్మీయులను పనిలో పెట్టుకొనిరి. సమ్మె తీఱగానే వారిని పొమ్మని, మఱల తెలుగువారిని రమ్మనిరి. ఆకలిగొన్నవారికిని ఆకలిగొన్నవారికిని నడుమ మంట రగిలెను. మే 26వ తేదీన మొదలైన కొట్లాటలో నూఱుమందికి మించి మరణించిరి.

బర్మీయుల బాధయు నిజమే. ధాన్యపు ధర పడిపోయిన ఆ కాలమున వారి పొలములు అప్పుల క్రింద చెట్టియార్ల పాలైనవి. 1938 నాటికి దిగువ బర్మాలోని ముఖ్యమైన వరిమండలములలో సుమారు నాలుగవ వంతు భూమి వారి చేతిలో నుండెను. అయినను, వడ్డీవ్యాపారి తీసికొనిన పొలమునకు మూటలు మోయు కూలివాడు ఏల బదులు చెప్పవలెను? ఒకరి లెక్క మఱియొకరి ఖాతాలో వ్రాయుటకు ‘వారందఱు నొక్కటే’ యను మాట చాలును.

1941 డిసెంబరు 23వ తేదీన జపానువారి బాంబులు రంగూనుపై పడెను. మఱునాటినుండి నాలుగైదు లక్షలమంది భారతీయులు స్వదేశమునకు బయలుదేఱిరి. ఓడ దొరకనివారు అరకాను, మణిపురము, అస్సాము కొండలమీదుగ కాలినడకను వచ్చిరి. ఆకలిచేతను, కలరా, మలేరియాలచేతను వేలకొలది జనము త్రోవలోనే పడిపోయిరి.

యుద్ధానంతరము కొందఱు తిరిగి పోయిరి. 1948 జనవరి 4వ తేదీన బర్మా స్వతంత్రమయ్యెను. పౌరులుగ నమోదుచేసికొనుటకు అవకాశమున్నను, అనేకులు కాగితము సంగతి యెఱుగక, ఎఱిగినను పట్టించుకొనక యూరకుండిరి. 1962 మార్చి 2న సైన్యాధిపతి నెవిన్ అధికారమును చేకొనెను. తరువాత రెండేండ్లలో బ్యాంకులు, అంగళ్లు సర్కారు పరమైనవి. 1964 మే నెలలో ఏబది, నూఱు క్యాట్ల నోట్లు చెల్లవని ప్రకటించిరి. మూడు లక్షలకు మించిన భారతీయులు దేశము విడిచిరి. నగదు, నగలు వెంట తెచ్చుకొనుటకు కఠిన నిర్బంధములుండెను. మన గృహములలో బంగారమే స్త్రీ దాచుకొను ధనమని మీరెఱుగుదురు. మూడు తరముల కష్టము ఒక యోడరేవులో చేయి జాఱిపోయినది. తిరిగివచ్చిన తెలుగువారిలో కొందఱు విశాఖపట్టణమున నిలిచిరి; ఆ పేట నేటికిని బర్మా క్యాంపనియే పిలువబడుచున్నది. అచటనే యుండిపోయినవారికి 1982 నాటి చట్టము మఱియొక చిక్కు తెచ్చెను. 1823నకు పూర్వమునుండి ఆ దేశమున నున్న జాతులవారే సంపూర్ణ పౌరులని అది నిర్ణయించెను.

ఇట్టిది మనకే జరిగినదని తలపవలదు. యూరపుఖండమున రోమా జాతివారు సుమారు కోటిమంది కలరు. వీరి పూర్వులు ఇంచుమించు వేయి సంవత్సరముల క్రిందట మన దేశమునుండి వెడలినవారని భాషాశాస్త్రము చెప్పుచున్నది. వారు నీటిని ‘పాని’ అనియు, చెవిని ‘కన్’ అనియు నేటికిని పిలుచుచున్నారు. జర్మనీలో నాజీల ప్రభుత్వము వీరిని లక్షలకొలది చంపెను. 1944 ఆగష్టు 2వ తేది రాత్రి ఆష్‌విట్జ్ నిర్బంధశిబిరమున మిగిలియున్న రోమా స్త్రీలను, బిడ్డలను, వృద్ధులను విషవాయువు గదులకు పంపిరి.

2010లో ఫ్రాన్సు ప్రభుత్వము రోమాల గుడిసెలను తొలగించి, పెద్దలకు 300 యూరోలు, పిల్లలకు 100 యూరోలు చేతిలో పెట్టి రుమేనియా, బల్గేరియాలకు విమానములలో పంపెను. ఆ రెండు దేశములును 2007నుండి యూరపు సమాఖ్యలోనివే. వారును ఆ సమాఖ్య పౌరులే. సర్కారు ఉత్తరువొకదానిలో రోమాలను పేరుపెట్టి చెప్పుట బయటపడగా అలజడి చెలరేగి, దానిని మార్చవలసివచ్చెను. అంతకు ముందు, 1999లో, బెల్జియములోని ఘెంటు నగరమున పోలీసులు స్లొవాకియానుండి వచ్చిన రోమా కుటుంబములను కాగితములు పూర్తిచేయుటకని పిలిపించి, అటనుండియే స్వదేశమునకు త్రోలిరి. ఒక్కొక్కరి సంగతి వేఱువేఱుగ విచారింపక గుంపుగా వెడలగొట్టుట తగదని యూరపు మానవహక్కుల న్యాయస్థానము 2002లో తీర్పు చెప్పెను.

ఆ తీర్పులోని ధర్మము మన యింటికిని వర్తించును. ఆంగ్లేయులు 1871లో చేసిన ‘నేరస్థ జాతుల’ చట్టము 1911నాటి మార్పుతో మద్రాసు రాష్ట్రమునకును వ్యాపించెను. బుట్టలల్లుకొని, ఎఱుక చెప్పుకొని బ్రతుకు ఎఱుకలవారిని పుట్టుకతోనే దొంగలని ఆ చట్టము తలచెను. బాపట్ల చేరువనున్న స్టూవర్టుపురము వారికై ఏర్పడిన నిర్బంధపు కాలనీయే. దానిని సాల్వేషన్ ఆర్మీవారు నడపిరి. చట్టము మద్రాసు రాష్ట్రమున 1947లోను, దేశమంతట 1952లోను రద్దయ్యెను. మాట మాత్రము మన నోళ్లలో ఇంకను మిగిలియున్నది. ఇంటిలో చెంబు కనబడనినాడు మొదట ఎవరిని అనుమానింతుమో మనలను మనమే యడిగికొందము.

నేడు గోదావరి సీమకు నాట్లకును కోతలకును వంగదేశమునుండి కూలీలు వచ్చుచున్నారు. వారి యాండ్రును ఎచటనో ఎదురుచూచుచు నుందురు. వారి పేరడిగి తెలిసికొనుట, కూలి లెక్కను సరిగ చెప్పుట, జబ్బుపడినవానిని ఆసుపత్రికి పంపుట - ఇవి ఇల్లాలి చేతిలోని పనులు. మఱియొక హితవు: బిడ్డ పుట్టిన వెంటనే జనన నమోదు చేయించి ఆ పత్రమును భద్రపఱచుడు, మీ యింట పనిచేయు నామె బిడ్డకును చేయింపుడు. కాగితము లేనివారి గతి ఏమగునో రంగమునుండి వచ్చినవారిని అడిగిన చెప్పుదురు.