సీమ బాటకు ఏ టైరు?

అబ్బీ, ఫోర్ వీల్ డ్రైవ్ జీపు కొన్నావు, సంతోషం. ఇప్పుడు తక్కువ ఖర్చులో ఆఫ్‌రోడ్ టైర్లు కావాలంటున్నావు. నువ్వు చూపించిన ఆ పెద్ద పెద్ద గడ్డల టైరు చూస్తే నాకూ ముచ్చటేసింది. కాని డబ్బు తీసే ముందు ఒక్కమాట చెప్పు. ఏడాదిలో నీ బండి ఎన్నాళ్లు బురద తొక్కుతుంది?

మన కర్నూలు, కడప జిల్లాల్లో ఏడాదంతా కలిపి కురిసేది ఆరేడు వందల మిల్లీమీటర్ల వాన. అదీ కొన్ని వారాల్లోనే కురిసి పోతుంది. తక్కిన కాలమంతా గుట్ట రాళ్లు, కంప, వంకల్లో ఇసుక, నెత్తిన ఎండ. కాబట్టి మనం కొనాల్సింది ఈ నాలుగింటినీ తట్టుకునే టైరు. బురద లెక్క ఆ తర్వాత.

జీపు టైర్లు మూడు రకాలు. తారు రోడ్డు కోసం చేసింది హెచ్‌టీ, అంటే హైవే టెరెయిన్. నేలను తాకే రబ్బరు బటన్లు దగ్గర దగ్గరగా ఉంటాయి, చప్పుడు చేయదు. బురద కోసం చేసింది ఎంటీ, మడ్ టెరెయిన్. గడ్డలు పెద్దవి, వాటి మధ్య సందులు వెడల్పు. ఈ రెండింటికీ నడుమది ఏటీ, ఆల్ టెరెయిన్. మన దేశంలో ఎమ్మారెఫ్, జేకే, అపోలో, సియట్ లాంటి కంపెనీలు జీపు టైర్లు చేస్తున్నాయి. మన రాష్ట్రంలోనే తిరుపతి జిల్లా చినపాండూరులో అపోలో ఫ్యాక్టరీ 2020లో మొదలైంది. ఆఫ్‌రోడ్ టైరంటే విదేశాలదే అయ్యుండాలన్న పట్టుదల పెట్టుకోవద్దు.

ఎంటీ ఎందుకు అంత ఘనమో ముందు చూద్దాం. కుందూ లోయలో, జమ్మలమడుగు వైపు చేలల్లో నల్లరేగడి ఉంది కదా. ఆ మట్టిలో మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఎక్కువ. దాని కణాలు పొరలు పొరలుగా ఉంటాయి. వాన పడగానే నీరు ఆ పొరల మధ్యకు దూరి మట్టిని ఉబ్బిస్తుంది. ఎండితే నీరు పోయి, నేల బారెడు బారెడు బీటలు వారుతుంది. తడిసిన రేగట్లో చెప్పులేసుకుని పదడుగులు వేస్తే ఏమవుతుంది? చెప్పు కింద ఇంకో మట్టి చెప్పు తయారవుతుంది. టైరుదీ అదే గతి. సన్న సందులున్న హెచ్‌టీకి నాలుగు చుట్లలోనే సందులన్నీ పూడిపోయి గుండు టైరుతో సమానమవుతుంది. ఎంటీకి సందులు వెడల్పు గనక, చక్రం వేగంగా తిరిగినప్పుడు మట్టి విసిరివేతకు ఊడిపోతుంది. దాని గొప్పంతా అక్కడే.

అదే ఎంటీని కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా కడప దాకా 40వ నంబరు జాతీయ రహదారి మీద పరుగెత్తించు. రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు దారంతా ఝుమ్మని రొద. నేలను తాకే రబ్బరు తక్కువ కాబట్టి తడి తారు మీద బ్రేకు వేస్తే ఆగడానికి ఎక్కువ దూరం పడుతుంది. ఎత్తైన గడ్డలు ప్రతి చుట్టుకూ అటూ ఇటూ వంగుతాయి. వంగిన ప్రతిసారీ కొంత శక్తి వేడిగా మారి పోతుంది. ఆ శక్తి నీ డీజిల్ ట్యాంకు లోంచి రావాల్సిందే. గడ్డలు అరిగేదీ త్వరగానే. అందుకే టైరు ధర ఒక్కటే చూడొద్దు. ఆ ధరను అది నడిచే కిలోమీటర్లతో భాగించు, పైన తాగే డీజిల్ కలుపు. అప్పుడు తేలుతుంది ఏది చవకో.

మరి వాన పడిన రోజు రేగట్లో చిక్కుకుంటే? మన రైతులు ఏం చేస్తారో చూడు. చేను ఆరేదాకా బండి దింపరు. అడుగున గట్టి నేల దగ్గరలో ఉంటే సన్నటి టైరు బురదను కోసుకుని దాన్ని అందుకుంటుంది. లోతైన రేగట్లో ఆ గట్టి నేల ఎక్కడో కింద ఉంటుంది, ఏ గడ్డల టైరూ దాన్ని అందుకోలేదు. రెండు రోజులు ఆగితే పోయేదానికి వేలు పోయడమెందుకు?

ఇక రాయి. ఎర్రమలలో గండికోట దగ్గర పెన్నా కోసిన లోయ అంచులు చూశావు గదా, అదంతా క్వార్ట్‌జైట్. ఒకనాటి ఇసుక గట్టిపడి రాయై, కోట్ల ఏళ్ల ఒత్తిడికి ఇంకా బిగుసుకున్నది. పులివెందుల దగ్గర కడప శిలల పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గడ్డకట్టిన అగ్నిశిల వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లని లెక్క తేల్చారు. దాని చుట్టూ ఉన్న పొరలు అంతకన్నా ముసలివి. ఇంతకీ నీ టైరుకు కావాల్సిన సంగతి ఒకటుంది. క్వార్ట్‌జైట్ కాఠిన్యం 7. మామూలు ఇనుప మేకుతో గీస్తే రాయి మీద గీత పడదు, మేకే అరుగుతుంది. అలాంటి రాయి పగిలితే అంచులు పదునుగా తేలతాయి. బేతంచర్ల, ఎర్రగుంట్ల వైపు క్వారీల బాటల్లో పడుండే బండల ముక్కలు సున్నపురాయివి. కాఠిన్యం 3 మాత్రమే గాని, పలకలుగా చీలి నిలువుగా నిలబడ్డాయంటే అవీ ప్రమాదమే.

ఈ రాళ్లు బటన్ల జోలికి ఎక్కువగా రావు. పక్కగోడను కోస్తాయి. బటన్ల కింద ఉక్కు తీగల పట్టీలుంటాయి. పక్కగోడలో ఉండేవి దారాల పొరలు, వాటి మీద పలచటి రబ్బరు మాత్రమే. అక్కడ కోత పడితే పంచరు షాపువాడు వేసే అతుకు నిలవదు, టైరే పారేయాలి. కాబట్టి దుకాణంలో బటన్ల అందం చూసేముందు పక్కగోడ మీద రాసిన పొరల లెక్క చదువు. ఒక పొరకన్నా రెండు, రెండుకన్నా మూడు మేలు. భుజం మీదుగా గడ్డలు పక్కగోడ మీదికి దిగి ఉంటే ఇంకా మంచిది.

రాయి తర్వాత కంప. వంక గట్లన్నీ, బీళ్లన్నీ సర్కారు తుమ్మ ఆక్రమించింది. దాని ముల్లు బటన్ల సందులో దూరితే అక్కడుండే రబ్బరు మందం చాలదు. ఏటీ టైరుకు బటన్ల లోతు హెచ్‌టీ కన్నా ఎక్కువ కాబట్టి కొంత ఊరట. అసలు ఊరట ట్యూబ్‌లెస్ టైరు. ట్యూబు టైరులో ముల్లు దిగితే గాలి పది నిమిషాల్లో ఖాళీ. ట్యూబ్‌లెస్‌లో ముల్లు తానే రంధ్రాన్ని కొంతవరకు మూసి ఉంచుతుంది, గాలి మెల్లగా దిగుతుంది. అందుకే ముల్లు కనబడగానే పీకొద్దు. చేతిలో రబ్బరు స్ట్రిప్పు, గాలి పంపు ఉన్నప్పుడే పీకు.

ఇప్పుడు అసలు కబురు. బండి బరువు మోసేది టైరులోని గాలి. ఈ ఉపాయం 1845లో రాబర్ట్ థామ్సన్ అనే స్కాట్లండ్ ఇంజనీరు కనిపెట్టి పేటెంటు తీసుకున్నాడు. జనం పట్టించుకోలేదు. 1887లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు డన్‌లప్ తన కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్లీ కనిపెట్టాడు. మన ఊళ్లలో ఇనుప పట్టా చక్రాల ఎద్దులబండి పోయి రబ్బరు టైర్ల బండి వచ్చాక అవే ఎద్దులు ఎక్కువ బరువు లాగాయి. ఎందుకో లెక్క వేద్దాం.

మనుషులతో, సామానుతో కలిపి నీ జీపు 2000 కిలోలనుకో. ఒక్కో చక్రం మీద 500. టైరులో 32 పాయింట్ల గాలి ఉందంటే, చదరపు సెంటీమీటరుకు సుమారు 2.25 కిలోల ఒత్తిడి. 500ను 2.25తో భాగిస్తే 222 చదరపు సెంటీమీటర్లు. నేలను తాకే టైరు ముద్ర అంతే, జానెడు కన్నా చిన్న చదరం. గాలిని 16కు దించు. ముద్ర దాదాపు రెట్టింపై 444 అవుతుంది. పక్కగోడ బిగువు కూడా కొంత మోస్తుంది గనక నిజానికి అంతకన్నా కాస్త తక్కువే వస్తుంది. ముద్ర వెడల్పు పెద్దగా పెరగదు, పొడవు పెరుగుతుంది. అదే బరువు ఎక్కువ చోట పరుచుకుంది కాబట్టి పాపాఘ్ని, చిత్రావతి నదుల ఇసుకలో చక్రం తక్కువగా దిగబడుతుంది. పైసా ఖర్చులేని ఆఫ్‌రోడ్ టైరు ఇదే.

దీనికీ హద్దులున్నాయి. గాలి దించినప్పుడు మెల్లగా పో, స్టీరింగు గబుక్కున తిప్పొద్దు, రిమ్ము నుంచి టైరు ఊడుతుంది. పదును రాళ్ల మీద మరీ దించితే పక్కగోడ ఉబ్బి రాయికి దొరుకుతుంది. తారు రోడ్డు ఎక్కేముందు మళ్లీ నింపాల్సిందే. గాలి తక్కువైన టైరు వేగంలో అతిగా వంగి, వేడెక్కి పేలుతుంది. బ్యాటరీతో నడిచే చిన్న పంపు, గాలి కొలిచే గేజి కొనుక్కో. ఖరీదైన ఎంటీకి పెట్టాలనుకున్న అదనపు డబ్బులో ఇవి రెండూ వచ్చి ఇంకా మిగులుతుంది.

గాలి కొలిచేది తెల్లవారి, టైరు చల్లగా ఉన్నప్పుడే. వేడి పది డిగ్రీలు పెరిగితే లోపలి ఒత్తిడి ఒకటిన్నర పాయింట్లు పెరుగుతుంది. మే నెల మధ్యాహ్నం నంద్యాల రోడ్డు మీద 32 కాస్తా 38 అయిందని భయపడి గాలి వదిలితే, తెల్లవారేసరికి టైరు చప్పగా పడుంటుంది.

ఎండ రబ్బరునూ ముసలిదాన్ని చేస్తుంది. టైరు నల్లగా ఉండేది కార్బన్ బ్లాక్ మసి వల్ల. అది రబ్బరుకు బలమిస్తుంది, ఎండలోని అతినీల కిరణాల నుంచి కాపాడుతుంది. గాలిలోని ఓజోన్‌ను ఆపడానికి రబ్బరులో మైనం కలుపుతారు. టైరు తిరుగుతూ వంగుతుంటేనే ఆ మైనం పైకి ఊరుతుంది. అందుకే నెలల తరబడి కదలకుండా నిలబెట్టిన బండి టైరుకు సన్న పగుళ్లు పడతాయి. పాత సరుకు చవకగా ఇస్తామంటే పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చూడు. 2324 అని ఉంటే 2024వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. బటన్లు నిండుగా ఉన్నా ముసలి టైరు కొనొద్దు.

అదే పక్కగోడ మీద 245/75 ఆర్ 16, పక్కన 111 ఎస్ అని ఉంటుంది. వెడల్పు 245 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో నూటికి 75 వంతులు, రిమ్ము 16 అంగుళాలు. 111 అంటే ఒక్క టైరు 1090 కిలోలు మోస్తుంది. ఎస్ అంటే గంటకు 180 కిలోమీటర్ల దాకా తట్టుకుంటుంది. కంపెనీ చెప్పిన సైజునే తీసుకో. పెద్ద టైరు ఎక్కిస్తే ఇంజనుకు లాగడం కష్టం, బ్రేకులకు ఆపడం కష్టం, స్పీడోమీటరు అసలు వేగం కన్నా తక్కువ చూపిస్తుంది. కొన్ని ఏటీల మీద మంచు పూవు గుర్తు కూడా ఉంటుంది. ఆళ్లగడ్డలో మంచు కురిసే దాకా దానికి అదనంగా రూపాయి పెట్టొద్దు.

ఖర్చు తగ్గిద్దామని రెండే మారుస్తానంటావేమో. ఫోర్ వీల్ వేసినప్పుడు నీ జీపులో ముందు ఇరుసూ వెనక ఇరుసూ ఒకే వేగంతో తిరిగేలా బిగుసుకుంటాయి. 245/75 ఆర్ 16 కొత్త టైరు కిలోమీటరుకు సుమారు 411 చుట్లు తిరుగుతుంది. బటన్ 8 మిల్లీమీటర్లు అరిగిన టైరు 420 తిరగాలి. ఆ తొమ్మిది చుట్ల తేడాను వదులు నేల అయితే జారి సర్దుకుంటుంది. గట్టి నేల మీద ఆ బిగువంతా గేర్ల మీద పడుతుంది. నాలుగూ ఒకే సైజు, ఒకే రకం, ఒకేసారి కొను. తారు మీద ఫోర్ వీల్ వేయొద్దు.

మొత్తం మీద నా మాట: మన దేశపు కంపెనీ ఏటీ, ట్యూబ్‌లెస్, గట్టి పక్కగోడ, కొత్త తేదీ, నాలుగూ ఒకే రకం, తోడు ఒక గేజి, ఒక పంపు. నమ్మకం కుదరకపోతే ఆదివారం ఒక పరీక్ష చెయ్యి. జాకీ ఎత్తి టైరుకు సుద్ద పూసి, కింద పేపరు పరిచి దించు. 32 పాయింట్ల గాలితో ఒక ముద్ర, 18తో ఇంకోటి తీసి రెండింటినీ గళ్ల కాగితం మీద కొలువు. లెక్క నాకు చూపించు. ఆ తర్వాతే దుకాణానికి పోదాం.