ఓడిన తీర్మానాన్ని మళ్లీ ఓటుకు పెట్టవచ్చా?

యూరోపియన్ యూనియన్ నుంచి వైదొలగడానికి (బ్రెగ్జిట్) బ్రిటన్ అప్పటి ప్రధాని థెరిసా మే కుదుర్చుకున్న ఒప్పందాన్ని కామన్స్ సభ 2019 జనవరి 15న 432-202 ఓట్లతో, మార్చి 12న 391-242 ఓట్లతో తిరస్కరించింది. ప్రభుత్వం మూడో ఓటింగుకు సిద్ధమవుతుండగా, మార్చి 18న స్పీకర్ జాన్ బెర్కో అడ్డు చెప్పారు. సభ తేల్చేసిన తీర్మానాన్ని చెప్పుకోదగ్గ మార్పు లేకుండా అదే సెషన్‌లో మళ్లీ తేవడం కుదరదన్నారు. అందుకు ఆయన చూపిన ఆధారం 1604 నాటి సంప్రదాయం. పార్లమెంటరీ పద్ధతులకు ప్రామాణికమైన ఎర్‌స్కిన్ మే గ్రంథంలో అది నమోదై ఉంది. 1864 నుంచి 1912 దాకా స్పీకర్లు దాన్ని పలుమార్లు ధ్రువపరిచారు. నాలుగు శతాబ్దాల కిందటి ఆచారం ఇప్పటి ప్రభుత్వాన్ని ఆపడం ఏమిటని చాలామంది నిలదీశారు. అయినా ఆ ఆచారం ఆపిందే సబబు.

కారణం ఓటింగు స్వభావంలోనే ఉంది. ఒకే ప్రశ్నను ఎన్నిసార్లయినా అడగవచ్చంటే, 'అవును' అనేవారు ఒక్కసారి గెలిస్తే చాలు. 'కాదు' అనేవారు మాత్రం ప్రతిసారీ గెలవాలి. పైగా సభలో ఏ రోజు ఏ అంశం చర్చకు రావాలో చాలావరకు నిర్ణయించేది ప్రభుత్వమే. విప్‌లు, పదవుల ఆశ, గడువు భయం దాని చేతిలోని ఆయుధాలే. ఆ రెండు ఓటింగుల్లో ప్రభుత్వం 230, 149 ఓట్ల తేడాతో ఓడింది. మార్చి 29న జరిగిన మూడో ఓటింగులో ఆ తేడా 58కి దిగింది. ఒప్పందంలో ఒక్క మాటా మారలేదు. పెరిగింది గడువు ఒత్తిడే. ఒప్పందం నెగ్గితే తాను దిగిపోతానని మే సొంత పార్టీ ఎంపీలకు మాట కూడా ఇచ్చారు. ఇలా విసిగించి రాబట్టిన సమ్మతిని సభ అభిప్రాయం అనలేం.

సభ్యులు మనసు మార్చుకోకూడదా అన్నది మొదటి అభ్యంతరం. తప్పకుండా మార్చుకోవచ్చు; ఈ సంప్రదాయం దానికి తలుపు తెరిచే ఉంచింది. రెండో ఓటింగుకు ముందు కొత్త చట్టబద్ధ హామీలు వచ్చాయి కనుక బెర్కో దాన్ని అనుమతించారు. భవిష్యత్ సంబంధాల ప్రకటనను పక్కనపెట్టి ఒప్పందాన్ని మాత్రమే సభ ముందుంచారు కనుక మూడోదాన్నీ అనుమతించారు. అవసరమనుకుంటే సభే తీర్మానం చేసి ఈ ఆచారాన్ని పక్కన పెట్టవచ్చు. అప్పుడు మినహాయింపు అందరి కళ్లెదుట, ఓటు ద్వారా జరుగుతుంది.

రెండో అభ్యంతరం స్పీకర్ నిష్పాక్షికత గురించి. ఆ ఏడాది జనవరిలోనే బెర్కో పాత ఆచారాన్ని దాటి, ప్రభుత్వానికి ఇబ్బందికరమైన ఒక సవరణను ఓటుకు అనుమతించారు. ఆ విమర్శలో బలం ఉంది. కానీ అది ఆచారాలను గౌరవించాలన్న వాదననే బలపరుస్తుంది: మనకు నచ్చినప్పుడే పాటించేది ఆచారం కాదు. ఏప్రిల్ 3న ఒక సవరణపై ఓట్లు 310-310గా సమానమైనప్పుడు, మెజారిటీ లేనిచోట స్పీకర్ మెజారిటీని సృష్టించకూడదన్న పూర్వాచారం ప్రకారం ఆయన వ్యతిరేకంగా ఓటేశారు. ఆ ఓటు ప్రభుత్వానికే మేలు చేసింది.

దేశం స్తంభించిపోయినప్పుడు నియమాలు పట్టుకు వేలాడటమేమిటన్నది చివరి అభ్యంతరం. తర్వాత జరిగిందే దీనికి జవాబు. అక్టోబర్ 21న, మే తర్వాత ప్రధాని అయిన బోరిస్ జాన్సన్ ప్రభుత్వానికీ బెర్కో ఇదే సూత్రం వర్తింపజేసి, రెండు రోజుల కిందటే సభ తేల్చిన విషయంపై మళ్లీ ఓటింగు కుదరదన్నారు. ప్రభుత్వం బిల్లు మార్గం పట్టింది. డిసెంబర్‌లో ప్రజల తీర్పు కోరింది. కొత్త సభ ఒప్పందాన్ని ఆమోదించగా 2020 జనవరి 31న బ్రిటన్ వైదొలగింది. ఆచారం బ్రెగ్జిట్‌ను ఆపలేదు. సభను అలసగొట్టి నెగ్గే అడ్డదారిని మాత్రమే మూసింది.

మన లోక్‌సభలోనూ ఇదే రక్షణ ఉంది. సభ నిర్ణయం చెప్పిన ప్రశ్ననే, సారాంశంలో తేడా లేకుండా, అదే సెషన్‌లో మరో తీర్మానంగా లేవనెత్తరాదని నియమావళిలోని 338వ నియమం చెబుతోంది. ఇవాళ మనం మెచ్చే తీర్మానానికి ఈ నియమం అడ్డొస్తే విసుగు కలగడం సహజం. రేపు మనం వ్యతిరేకించే తీర్మానం పదేపదే ముందుకొచ్చినప్పుడు మనల్ని కాపాడేదీ ఇదే. కాబట్టి ఓటింగు ఫలితం మనకు నచ్చిందా లేదా అన్నదానికన్నా ముందు, అది ఏ పద్ధతిలో వచ్చిందో అడగడం పౌరులుగా మనం అలవాటు చేసుకోవాలి.