బావ కారు లోన్‌కి సంతకం పెట్టే ముందు ఇది తెలుసుకోండి

పోయిన వీడియో కింద ఒక తమ్ముడు అడిగాడు: "అన్నా, మా బావ కారు తీసుకుంటున్నాడు, నన్ను షూరిటీ సంతకం పెట్టమంటున్నాడు, పెట్టొచ్చా?" ఆ కామెంట్ చూడగానే నాకు నా కథే గుర్తొచ్చింది. అందుకే ఈరోజు ఎపిసోడ్ దీని మీదే.

అప్పుడు నేను ఇంకా సాఫ్ట్‌వేర్ జాబ్‌లోనే ఉన్నాను. మా బావకి సొంత షాప్ ఉంది. ఆదాయం బాగానే ఉంది కానీ ఐటీ రిటర్న్స్‌లో అంత చూపించలేదు. బ్యాంక్ వాళ్ళు "జీతం వచ్చే వాళ్ళు ఒకరు కావాలి" అన్నారు. అక్క ఫోన్ చేసి "ఒక్క సంతకమే కదరా" అంది. వెళ్ళి పెట్టేశాను. పేపర్లు చదవలేదు. కోడ్ రివ్యూలో ఒక్క లైన్ వదలని నేను, లోన్ అగ్రిమెంట్‌లో ఒక్క పేజీ కూడా చదవలేదు.

రెండేళ్ళ తర్వాత ఫ్లాట్ కొందామని హోమ్ లోన్‌కి వెళ్ళాను. అక్కడ తెలిసింది, కారు ఈఎమ్ఐలు రెండు కట్టలేదని. నా సిబిల్ స్కోర్ పడిపోయింది. లోన్ రాలేదు. బావని అడిగితే "నువ్వు టెన్షన్ పడతావని చెప్పలేదు రా" అన్నాడు. నేను ఒక మాట గట్టిగా అన్నాను. అంతే, అక్క రెండు నెలలు నాతో మాట్లాడలేదు. డబ్బులు నేనే కట్టాను, మాట కూడా నేనే పడ్డాను.

సరే, ఇప్పుడు అసలు విషయానికి వద్దాం.

షూరిటీ, కో-అప్లికెంట్ ఒకటి కాదు

ఇంట్లో అందరూ "షూరిటీ" అనే అంటారు. కాగితం మీద అది రెండు రకాలు. గ్యారంటర్ అంటే, అప్పు తీసుకున్న వాళ్ళు కట్టకపోతే కడతానని రాసిచ్చిన మనిషి. కో-అప్లికెంట్ అంటే, మొదటి రోజు నుంచే ఆ అప్పు మీది కూడా. నేను గ్యారంటర్ అనుకుని పెట్టిన సంతకం, నిజానికి కో-అప్లికెంట్ సంతకం.

ఇంకో చేదు నిజం చెప్తాను. అప్పులో మీ పేరు ఉన్నంత మాత్రాన కారులో మీకు వాటా ఉన్నట్టు కాదు. ఆర్‌సీ మా బావ పేరు మీద ఉంది. అంటే బండి ఆయనది, బాకీ ఇద్దరిదీ. ఆయన కట్టకపోయినా ఆ బండి అమ్మే హక్కు నాకు లేదు.

"ముందు వాళ్ళని అడగండి" అంటే కుదరదు

చాలామంది అనుకునేది ఏంటంటే, బ్యాంక్ ముందు బావని పట్టుకుంటుంది, అక్కడ రాకపోతేనే మన దగ్గరికి వస్తుంది అని. కాదండీ. 1872 నాటి ఇండియన్ కాంట్రాక్ట్ యాక్ట్ సెక్షన్ 128 ప్రకారం, అగ్రిమెంట్‌లో వేరేగా రాసుకుంటే తప్ప, అప్పు తీసుకున్న వాళ్ళకి ఎంత బాధ్యతో గ్యారంటర్‌కీ అంతే. ముందు అసలు అప్పుదారుడి దగ్గర అన్ని దారులూ చూశాకే గ్యారంటర్ దగ్గరికి రావాలన్న రూల్ లేదని సుప్రీంకోర్టు 1968లోనే బ్యాంక్ ఆఫ్ బీహార్ కేసులో చెప్పింది.

మీరు కట్టిన డబ్బు తిరిగి వసూలు చేసుకునే హక్కు చట్టం ఇస్తుంది, నిజమే. కానీ దానికి అక్క మొగుడి మీద కేసు వేయాలి. వేస్తామా?

లెక్క చూద్దాం

8 లక్షల లోన్, 9.5% వడ్డీ, 7 ఏళ్ళు అనుకుందాం. ఈఎమ్ఐ సుమారు 13,075 రూపాయలు. మొత్తం కట్టేది దాదాపు 11 లక్షలు.

రెండేళ్ళు కట్టి ఆపేశారనుకోండి. బాకీ ఇంకా 6 లక్షల 22 వేల దాకా ఉంటుంది. బ్యాంక్ బండి లాక్కెళ్ళి వేలం వేస్తే నాలుగున్నర లక్షలు వచ్చిందనుకుందాం. మిగిలిన లక్షా డెబ్బై వేలు, పైన ఛార్జీలు, ఇవన్నీ మీ నెత్తిన కూడా ఉంటాయి. బండి పోయింది కదా, అప్పు కూడా పోయిందనుకోవద్దు.

బావ ప్రతి నెలా కరెక్ట్‌గా కట్టినా మీకు ఒక నష్టం ఉంది. మీరు కో-అప్లికెంట్ అయితే, హోమ్ లోన్ ఇచ్చే బ్యాంక్ సాధారణంగా ఆ 13,075ని మీ ఖర్చుగా లెక్కేస్తుంది. 8.5% వడ్డీకి 20 ఏళ్ళ హోమ్ లోన్ తీసుకుంటే, అదే ఈఎమ్ఐకి 15 లక్షలు వస్తాయి. అంటే 8 లక్షల కారు, మీ ఇంటి లోన్‌లో 15 లక్షలకి ఎసరు పెట్టినట్టే.

మధ్యలో బయటికి రాలేమా?

"నా పేరు తీసేయండి" అని లెటర్ ఇస్తే తీసేయరు. లోన్ పూర్తిగా కట్టేయాలి, లేదా బావ ఒక్కడి పేరు మీద వేరే లోన్‌కి మార్చుకోవాలి, లేదా బ్యాంక్ ఒప్పుకుంటే ఇంకొకరు మీ స్థానంలోకి రావాలి.

తప్పదు అనుకుంటే ఇవి చేయండి

1. సంతకం ఏ హోదాలో పెడుతున్నారో అడగండి. అగ్రిమెంట్ కాపీ ఫోన్‌లో దాచుకోండి.
2. ఈఎమ్ఐ మెసేజ్‌లు మీ నంబర్‌కి కూడా వచ్చేలా చేయించుకోండి. నేను చేయని పని ఇదే.
3. మూడు ఈఎమ్ఐల డబ్బు విడిగా పెట్టమని బావకి ముందే చెప్పండి. 90 రోజులు దాటితే ఆ లోన్ ఎన్‌పీఏ అవుతుంది.
4. క్రెడిట్ రిపోర్ట్ చూస్తూ ఉండండి. ప్రతి క్రెడిట్ బ్యూరో ఏడాదికి ఒక ఫుల్ రిపోర్ట్ ఫ్రీగా ఇవ్వాలి.
5. బావకి టర్మ్ ఇన్సూరెన్స్ ఉందో లేదో చూడండి. మనిషి పోయినా మీ సంతకం ఉంటుంది.
6. లోన్ అయిపోయాక ఎన్‌ఓసీ తీసుకుని, ఆర్‌సీలో బ్యాంక్ పేరు తీయించేదాకా వదలొద్దు.

రికవరీ ఏజెంట్లు ఉదయం 8 లోపు, రాత్రి 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ రూల్ ఉంది. అది కూడా గుర్తుపెట్టుకోండి.

మరి పెట్టాలా, వద్దా?

నేను ఒకటే ప్రశ్న చెప్తాను. బావ ఒక్క రూపాయి కట్టకపోయినా, ఆ ఈఎమ్ఐ ఏడేళ్ళు నేను కట్టగలనా? కట్టి కూడా అక్కతో నవ్వుతూ మాట్లాడగలనా? రెండింటికీ అవును అయితేనే పెన్ను తీయండి.

లేదంటే ఇలా చెప్పండి: "బావా, సంతకం వద్దు. డౌన్ పేమెంట్‌కి నా వంతు యాభై వేలు ఇస్తాను, చిన్న బండి చూద్దాం." ఆ యాభై వేలు తిరిగి రాకపోయినా, నష్టం యాభై వేలతోనే ఆగుతుంది. వద్దన్నందుకు నాలుగు రోజులు ముఖం మాడ్చుకుంటారు. పర్లేదు, పండక్కి మళ్ళీ కలుస్తారు.

మా బావ ఇప్పుడు కరెక్ట్‌గానే కడుతున్నాడు. మెసేజ్ నాకూ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ ఊపిరి పీల్చుకుంటాను.

మీ ఇంట్లో ఇలాంటి సంతకం ఎవరైనా పెట్టారా? కామెంట్‌లో రాయండి. సంతకం పెట్టబోతున్న ఫ్రెండ్ ఉంటే ఇది వాట్సాప్ చేయండి. ఉంటాను మరి, బాయ్.