చివరి పేజీలో బొమ్మల కథ

లెక్కల నోటుపుస్తకాన్ని వెనుకవైపు నుంచి తిప్పి చూడండి. ముందువైపు భిన్నాలు, శాతాలు ఉంటాయి. వెనుకవైపు మీసాల రాజు, రెండు తలల పాము, పక్కింటి కుక్క, హెడ్మాస్టరుగారి కళ్ళజోడు ఉంటాయి. ఒక్కో బొమ్మ నెత్తిన ఒక బుడగ, ఆ బుడగలో రెండు ముక్కల తెలుగు. అక్షరాలు వంకరటింకరగానే ఉంటాయి. కానీ అది ఎవరూ చెప్పి రాయించిన తెలుగు కాదు. వేలూరు, గుడియాత్తం తెలుగు బడుల ఉపాధ్యాయులకు ఇలాంటి పేజీలు కొత్త కావు. వాటికి బడిలో దక్కేది చాలాసార్లు ఒక ఎర్ర సిరా గీత. ఇంటికి పోతే, ‘పేపరంతా పాడు చేస్తా ఉండావు’ అనే మాట.

ఈ వారం ఆ పేజీ గురించే రాస్తున్నాం.

2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక మన పిల్లలకు తమిళం తప్పనిసరి పాఠమైంది. ఇక్కడ పుట్టి ఇక్కడ బతకబోయే పిల్లలకు తమిళం రావలసిందే, అందులో తగువు లేదు. చిక్కల్లా తెలుగుకు మిగిలిన కాస్త సమయంతోనే. ఆ సమయంలో పిల్లలు రాసే తెలుగు ఎక్కువగా బోర్డు మీద నుంచి దించుకున్నది, లేదంటే గైడులోని జవాబు. తనంతట తాను తెలుగులో ఒక వాక్యం కట్టవలసిన అవసరం ఎంతమందికి వస్తోంది? బొమ్మల కథ గీసే పిల్లకు వస్తుంది. రాజు నోరు తెరిచి నిలబడ్డాడంటే ఏదో ఒకటి మాట్లాడాలి కదా! ఆ పేజీ చింపేస్తే బొమ్మతో పాటు ఆ వాక్యం కూడా పోతుంది.

బొమ్మల కథలు మన ప్రాంతానికి ఎక్కడి నుంచో వచ్చిపడ్డవి కావు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి తెలుగులో చందమామను, తమిళంలో అంబులిమామను తెచ్చారు. కథ రెండు భాషల్లో, బొమ్మ ఒక్కటే. భుజం మీద శవం, చేతిలో కత్తితో శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ తెలియని పెద్దవాళ్ళు మన ఇళ్ళలో తక్కువ. అది గీసిన శంకర్ అసలు పేరు కె.సి. శివశంకరన్. తమిళుడు. బడిలో డ్రాయింగు మాస్టారు పట్టుబట్టి చెప్పడంతో మద్రాసు కళాపాఠశాలలో చేరారు. 2020లో కన్నుమూసేదాకా ఆయన పేరు చెబితే చాలామందికి గుర్తుకొచ్చేది ఆ ఒక్క బొమ్మే. చిత్తూరు పిల్లవాడూ వేలూరు పిల్లవాడూ దాన్ని రెండు లిపుల పక్కన చూసి ఒకేలా భయపడ్డారు.

ఇక బాపు. 1933లో నరసాపురంలో పుట్టి, మద్రాసులో పెరిగి, 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుంచి లా పట్టా తీసుకున్నారు. నల్లకోటు వేసుకోలేదు. ఆయన బొమ్మల సంగతి అందరికీ తెలుసు. మా పేజీ పాఠకులకు పనికొచ్చేది ఇంకొకటి ఉంది. సినిమా తీసే ముందు ఆయన దృశ్యాలను వరుసగా బొమ్మల్లో గీసుకునేవారు. ఎవరు ఎక్కడ నిలబడాలి, కెమెరా ఎటు నుంచి చూడాలి, అంతా కాగితం మీదే తేలేది. ఆ బొమ్మలు గోడకు తగిలించుకోవడానికి గీసినవి కావు. పని ఇంకా పూర్తి కాకముందే పదిమందికి చూపించడానికి గీసినవి. అంత చెయ్యి తిరిగిన మనిషికే చిత్తు అవసరమైందంటే, ఎనిమిదో తరగతి పిల్ల చిత్తును చూసి మనం నవ్వడం ఏం న్యాయం?

సిరసు కథ గీయాలంటే

గుడియాత్తంలో ఒక పిల్ల సిరసు తిరునాళ్ళను బొమ్మల కథగా గీయాలనుకుంది అనుకుందాం. ఊళ్ళో అందరికీ తెలిసిన కథే. తండ్రి జమదగ్ని మాట మీద పరశురాముడు తల్లి రేణుక తల నరకడం, మళ్ళీ బతికించినప్పుడు ఆ తల వేరొక స్త్రీ మొండానికి అతకడం. వైకాశి నెల మొదటి రోజున, అంటే మే నడుమ, తరణంపేట ముత్యాలమ్మ గుడి నుంచి గోపాలపురం గంగమ్మ గుడికి అమ్మవారి సిరసు ఊరేగుతుంది. దారి పొడుగునా టెంకాయలు పగులుతాయి. గుడికి చేరాక సిరసును చండాలచ్చి మొండానికి అమర్చి కళ్ళు తెరిపిస్తారు.

ఇందులో ఎన్ని బొమ్మలున్నాయి? పిల్లలు సాధారణంగా నేరుగా పెద్ద కాగితం తీసుకుని, మొదటి గడిలోనే ఊరేగింపు మొత్తం ఇరికించాలని చూస్తారు. రెండు వందల తలకాయలు గీసేసరికి విసుగు పుడుతుంది, పుస్తకం మూతపడుతుంది. అందుకని ముందు అగ్గిపెట్టెంత గళ్ళలో గీయించాలి. గుడియాత్తం పిల్లలకు అగ్గిపెట్టె కొలత వేరే చెప్పనక్కరలేదు. అంత చిన్న గడిలో ముక్కూ చెవీ గీయడం కుదరదు. మనిషికి ఒక పుల్ల, తలకు ఒక సున్నా, అంతే. అప్పుడు పిల్ల దృష్టి ముఖం అందం మీది నుంచి కథ మీదికి మళ్ళుతుంది. జనం దూరం నుంచి కనబడాలా? టెంకాయ పట్టుకున్న ఒక్క చెయ్యి పెద్దగా కనబడితే చాలా? సిరసును మొదటి గడిలోనే చూపించేస్తే చివరికి ఏం మిగులుతుంది? ఆరు గళ్ళ పేజీకి ఇలాంటి చిత్తులు మూడు నాలుగు గీయవచ్చు. ఖర్చయ్యేది ఒక పాత కాగితం.

అన్నట్టు, కళ్ళు తెరిపించే గడి ఆఖరిది కావాలని ఏ పిల్లకూ చెప్పనవసరం లేదు. తిరునాళ్ళే నేర్పింది.

ఇద్దరు పరీక్షకులు

చిత్తు గీశాక చూపించాలి. ఇక్కడే అసలు మెలిక. మనవాళ్ళు బొమ్మ చూడగానే ‘బాగుంది’ అంటారు, లేకపోతే ‘ఇది ఏనుగా, పందా?’ అని నవ్వుతారు. రెండూ పిల్లకు అక్కరకు రావు. మొదటి మాటతో ఏం దిద్దాలో తెలియదు. రెండో మాటతో దిద్దాలన్న కోరికే చచ్చిపోతుంది. పుస్తకం దాచేసుకోవడం మొదలయ్యేది ఆ రోజు నుంచే.

చూపించే పద్ధతి ఒకటి ఉంది. గీసిన పిల్ల నోరు మెదపకూడదు. కాగితం ఎదుటివాళ్ళ చేతికిచ్చి, ‘కథ ఏమిటో నువ్వు చెప్పు’ అనాలి. వాళ్ళు ఎక్కడ తడబడితే అక్కడే గడి కుదరలేదన్నమాట. మూడో గడిలో ఉన్న ఆడమనిషి ఐదో గడిలో ఇంకొకరిలా కనబడితే చదివేవాళ్ళు ఆగిపోతారు. ముక్కుపుడకో, చీర అంచో ఒక గుర్తు పెట్టాలని పిల్లకే తడుతుంది. మనం చెప్పనక్కరలేదు.

ఈ పనిలో హైదరాబాదు పిల్లకు లేని ఒక సౌకర్యం వేలూరు పిల్లకు ఉంది. పక్కింటి తమిళ స్నేహితురాలికి తెలుగు లిపి రాదు. ఆమెకు కాగితం ఇస్తే బుడగల్లోని మాటలు అడ్డం రావు, బొమ్మలు మాత్రమే కథ చెప్పాలి. ఆమెకు అర్థమైతే బొమ్మలు నిలబడినట్టే. రెండో పరీక్షకురాలు ఇంట్లోనే ఉంది. మన ఇళ్ళలో అవ్వాతాతలు, చాలాచోట్ల అమ్మానాన్నలు కూడా, తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు చదవలేరు. చదువుకున్నది తమిళం. వాళ్ళకు బొమ్మ చూపకుండా, బుడగల్లోని మాటలు పైకి చదివి వినిపించాలి. ‘అమ్మవారి శిరస్సు ఊరేగింపుగా వచ్చుచున్నది’ అని చదివితే అవ్వ ముఖం చిట్లిస్తుంది. ‘అవ్వా, అమ్మోరు వస్తా ఉంది, బిరీన రా’ అని చదివితే నవ్వుతుంది. మాటలు కుదిరాయో లేదో తేల్చడానికి ఇంతకు మించిన పరీక్ష మాకు తెలియదు. పైగా ఈ సందట్లో పిల్ల తను రాసిన తెలుగును తానే నాలుగుసార్లు గట్టిగా చదువుతుంది. చదవమని ఎవరూ బెత్తం పట్టుకోలేదు.

వాడుక మాట బుడగలో రాస్తే గ్రాంథికం పాడైపోతుందని కొందరు ఉపాధ్యాయులు బెంగపడతారు. పరీక్ష కాగితంలో ఎలా రాయాలో, అవ్వ నోట ఏ మాట పలికించాలో పిల్లలకు తేడా తెలుసు. తెలియకపోతే అది నేర్పడానికి కూడా బుడగే మంచి చోటు. పూజారి మాట ఒక తీరు, టెంకాయల అంగడివాడి మాట ఇంకో తీరు.

అక్షరం ముందు, బుడగ తర్వాత

తెలుగులో బొమ్మల కథ రాసేవాళ్ళకు ఇంగ్లీషు కామిక్కులు చూసి నేర్చుకున్న ఒక అలవాటు దెబ్బ తీస్తుంది. ముందు గుండ్రంగా బుడగ గీసి తర్వాత అందులో మాటలు కూరుతారు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ‘రాష్ట్రం’ అని రాస్తే కింది వరుస నెత్తి మీద ట ఒత్తు, ర ఒత్తు వచ్చి కూర్చుంటాయి. మాటలు కూడా పొడుగు. ‘వెళ్ళిపోతున్నాడేమోనని’ అన్నది ఒకే మాట. చిన్న బుడగలో అది మూడు ముక్కలవుతుంది, చదివేవాళ్ళకు ఊపిరాడదు. అందుకని పెన్సిలుతో సన్నని గీతలు కొట్టి, వరుసకూ వరుసకూ మధ్య జాగా వదిలి, ముందు మాట రాయాలి. ఆ తర్వాత దాని చుట్టూ బుడగ గీయాలి. ముందు మాట్లాడేవాళ్ళు ఎడమవైపు ఉండాలి, వాళ్ళ బుడగ కాస్త పైన ఉండాలి. లేకపోతే జవాబు ముందు వచ్చి ప్రశ్న తర్వాత వస్తుంది.

బాపు చేతిరాత ఇవాళ కంప్యూటర్లో ఫాంటుగా, పెళ్ళి శుభలేఖల మీద కనిపిస్తోంది. ఒక మనిషి రాత లక్షలమంది అక్షరమైంది. కాబట్టి పిల్లల చేత బుడగల్లో ఫాంటు అంటించకుండా చేత్తోనే రాయించమంటాం. దస్తూరీ కాపీ పుస్తకం ముట్టని పిల్లలు కూడా రాజుగారి మాట జనానికి అందాలంటే ఒత్తు సరిగా పెడతారు.

ఇంతవరకూ పెన్సిలే. దిద్దుకోవడమంతా పెన్సిలు మీదే జరగాలి. ఇంకు పడ్డాక ఎవరు ఏం చెప్పినా పిల్లకు ఏడుపే వస్తుంది. తరగతిలో ఒక మూల తాడు కట్టి, బట్టల క్లిప్పులతో ఆ వారం చిత్తులు తగిలిస్తే చాలు. తగిలించేది పూర్తయినవి కాదు, సగం అయినవి. బహుమతి, ర్యాంకు అక్కడ వద్దు. పెద్దవాళ్ళ ఫోన్లలో పెట్టాలనుకుంటే బొమ్మ పెట్టండి, పిల్ల ఫొటో, తరగతి, బడి పేరు వద్దు. ఛోటా భీమ్‌ను చూసి గీస్తే గీయనివ్వండి, చెయ్యి తిరిగేది అలాగే. కింద ‘చూసి గీసినది’ అని రాయడం మాత్రం మొదటి రోజే అలవాటు చేయాలి.

సెలవు రోజున వేలూరు కోటకు తీసుకువెళితే ఇంకా మంచిది. జలకంఠేశ్వర ఆలయం కల్యాణ మండపం స్తంభాల మీద యాళులు, గుర్రాల మీద రౌతులు ఉన్నారు. ఒక్క స్తంభం దగ్గర గంట కూర్చుంటే గుర్రం కాలు ఎక్కడ మడుస్తుందో తెలుస్తుంది. ఇంటర్నెట్లో చూసి గీసిన గుర్రానికి మోకాళ్ళు ఎటు తిరుగుతాయో దేవుడికే ఎరుక.

తల్లిదండ్రుల అసలు ప్రశ్న వేరే ఉంది. దీనితో కూడు పుడుతుందా? వేలూరు అనగానే సీఎంసీ గుర్తొస్తుంది, ఇక్కడ ప్రతి ఇంట్లోనూ డాక్టరు కల ఉంటుంది. జపాన్‌లో బొమ్మల కథలకు పెద్దదిక్కు ఒసాము తెజుకా వైద్యం చదివిన మనిషే. ఆయన కథల్లో ఒకటి శస్త్రచికిత్సలు చేసే డాక్టరు గురించి. అందరూ తెజుకాలు కారు, నిజమే. మేము చదువు మానిపించి బొమ్మలు గీయించమనడం లేదు. రోజుకు అరగంట చాలు. ఇష్టం గట్టిగా ఉన్న పిల్లలకు తమిళనాడు ప్రభుత్వ సాంకేతిక పరీక్షల్లో ఫ్రీహ్యాండ్ అవుట్‌లైన్, మోడల్ డ్రాయింగ్ ఉన్నాయి. లోయర్, హయ్యర్ అని రెండు మెట్లు. డ్రాయింగు మాస్టరు ఉద్యోగానికి పోవాలనుకునేవాళ్ళు మొదట కట్టేది ఈ పరీక్షలే. పైచదువుకు చెన్నైలో ప్రభుత్వ లలితకళల కళాశాల ఉంది. 1850లో మొదలైన ఆ కళాపాఠశాలలోనే శంకర్ చదివారు. కుంభకోణంలోనూ ప్రభుత్వ లలితకళల కళాశాల ఉంది.

మొదటి పుస్తకానికి ఇవేవీ అక్కరలేదు. ఒక ఏ4 కాగితాన్ని మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది గళ్ళు పడతాయి. విప్పి, నడిమి మడత మీద మధ్య రెండు గళ్ళ పొడవున కత్తిరించి, మళ్ళీ మడిస్తే అట్టలతో సహా ఎనిమిది పేజీల పుస్తకం. విప్పినప్పుడు పై వరుస పేజీలు తలకిందులుగా పడతాయి కాబట్టి, గీయడానికి ముందే ఖాళీ పుస్తకం మడిచి పేజీ నంబర్లు వేసుకోవాలి. ఒకవైపే గీస్తారు కనుక ఒక్క జిరాక్స్‌తో ఇంకో ప్రతి వస్తుంది. ఒకటి అవ్వకు, ఒకటి తమిళ స్నేహితురాలికి, ఒకటి తాడుకు.